తెలుగులో చెప్పిన మాట

కాలేజీ వంటగదిలో బుధవారం అంటే చికెన్ రోజు. అదీ అందరికీ కాదు. మామూలు పిల్లలకు పాస్తా, సూప్, నిన్నటి బ్రెడ్డు. చికెన్ ఫుట్‌బాల్ జట్టుకు. వాళ్ళకు వేరే బల్ల, వేరే ట్రేలు, వాళ్ళ సాస్ సీసాలు కూడా ఎప్పుడూ నిండుగా ఉండాలి. శాంతమ్మ తల మీద వల టోపీ సర్దుకొని, ఆ బల్ల వెనకాల గరిటె పట్టుకొని నిలబడి, లోపలికి వస్తున్న పిల్లల్లో తన కొడుకు కోసం చూసింది.

గ్వెల్ఫ్‌లో బస్సెక్కితే చివరి స్టాపులో దిగాల్సిన చిన్న కాలేజీ అది. చుట్టుపక్కల ఊళ్ళకు దాని పేరు ఫుట్‌బాల్ వల్లే తెలుసు. జట్టు పేరు హెరాన్స్. హెరాన్స్ అంటే కొంగలని తనతో వంటగదిలో పనిచేసే మధుమిత చెప్పిన రోజు శాంతమ్మకు నవ్వు ఆగలేదు. ఒక్కొక్కడు దున్నపోతులా ఉంటాడు, పేరు మాత్రం కొంగలు! ఆ కొంగల్లో ఒకడు ఆమె కొడుకు రేవంత్. మొదట్లో ఆమె, భర్త నర్సింహ, ఇద్దరూ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే అనుకున్నారు. జగిత్యాలలో చుట్టాలకు కూడా అలాగే చెప్పారు. తీరా మొదటి మ్యాచికి పోయి చూస్తే బంతిని చంకలో పెట్టుకొని ఉరకడం, ఎదుటివాడు వచ్చి మీద పడడం.

"గిదేం ఫుట్‌బాల్? కాలుతోని పనే లేదు. తలకాయలతోని ఆడుతున్నరు" అన్నాడు నర్సింహ ఆ రోజు. అన్నాడే గాని, కొడుకు నిలువెత్తు ఫోటో కాలేజీ గోడకు ఎక్కాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆటో పార్టుల ఫ్యాక్టరీలో తన లైనులో ఉన్న ప్రతివాడికీ ఫోన్లో ఆ ఫోటో చూపించాడు.

రేవంత్ వరుసలో వచ్చి ప్లేటు చాచాడు.

"రైస్? పొటాటో?" అని అడిగింది శాంతమ్మ. డ్యూటీలో కొడుకుతోనూ ఇంగ్లీషే. జట్టు ముందు అమ్మ బుజ్జగించడం వాడికి నామోషీ.

"రైస్" అన్నాడు. వేసింది. నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ప్లేటు చాచాడు. "రైస్."

ప్లేటులో అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. వాడు దాన్ని చూడటం లేదు. పైన ట్యూబులైట్లను తట్టుకోలేనట్టు కళ్ళు చికిలించుకొని నిలబడ్డాడు.

"ఏమైంది బిడ్డా?" అంది మెల్లగా.

"నథింగ్, మామ్. ప్రాక్టీసు హార్డ్‌గా అయింది, దట్సాల్."

వాడు పోయాక కూడా ఆమె గరిటె గాల్లోనే ఉంది. వెనక నుంచి సూపర్‌వైజర్ డెబ్రా కేక వేసింది. "శాంతా! మిల్క్! రొటేట్, రొటేట్!" పాత పాల డబ్బాలు ముందుకు, కొత్తవి వెనక్కి తిప్పి పెట్టమని. రోజుకు పదిసార్లు వినే మాట అది. శాంతమ్మ ఇంగ్లీషంతా ఈ వంటగదిలో పుట్టిందే. కేర్‌ఫుల్, హాట్. ఎనీథింగ్ ఎల్స్. రొటేట్. ఇన్నేళ్ళూ అంతకు మించి అవసరం రాలేదు.

ట్రేలు కడుగుతున్న మధుమిత ఇటు తిరిగింది. భీమవరం పిల్ల. ఇక్కడ చిన్నపిల్లల సంరక్షణ కోర్సు చదువుతూ పార్ట్‌టైం పని చేస్తుంది. వీసాలు తగ్గి, బయటి దేశాల పిల్లలు రాక, కాలేజీకి గడ్డుకాలం వచ్చింది. ఆ కోర్సుకు ఇదే ఆఖరి బ్యాచి.

"మీవాడికి ఒంట్లో బాగోలేదా ఆంటీ? నర్సుకి చూపించండి ఒకసారి" అంది.

షిఫ్టు అయ్యాక శాంతమ్మ నర్సు గదికి పోయింది. తలుపుకు తాళం. ఇకనుంచి సోమవారం మాత్రమే అని అద్దానికి కాగితం అంటించి ఉంది. గది లోపల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. పక్కనే కిటికీలోంచి కొత్త మైదానం కనబడుతోంది, పచ్చగా, ఒక్క ఆకు కూడా రాలకుండా. వేసవిలో పరిచిన ప్లాస్టిక్ గడ్డి అది.

"మా కోర్సు తీసేసి గడ్డి పరిచారండీ" అంది మధుమిత, బస్టాపులో ఈ సంగతి విని. "అదీ నిజం గడ్డయితే ఆవులైనా మేసేవి."

శాంతమ్మకు నవ్వు రాలేదు.

ఆ రాత్రీ, మర్నాడూ రేవంత్ తన గదిలో కర్టెన్లు వేసుకొని పడుకున్నాడు. తలకు నూనె రాస్తానంటే చెయ్యి తోసేశాడు. "సాటర్డే ఆడాలి మామ్. డోంట్ మేక్ ఇట్ ఎ థింగ్." శనివారం మ్యాచికి పాత విద్యార్థులంతా వస్తారు. ఊరు ఊరంతా వస్తుంది. ఇది గెలిస్తే పై రౌండు. ఒక్క మ్యాచి కూర్చుంటే ఆ స్థానంలోకి ఓవెన్ అనేవాడు వస్తాడు, వచ్చినవాడు పోడు. ఇదంతా రేవంత్ చెప్పలేదు. నర్సింహ చెప్పాడు, తానే ఆడబోతున్నట్టు.

"డాక్టర్‌కు చూపిద్దాం" అంది శాంతమ్మ.

"ఆదివారం చూపిద్దాం తియ్. జెర పెయ్యి నొప్పులుంటయి ఆటల" అన్నాడు నర్సింహ.

శనివారం ఎండ కాసింది గాని గాలి కోస్తోంది. శాంతమ్మ చీర మీద జట్టు జాకెట్ వేసుకొని, మైదానం కంచె పక్కన మొదటి మెట్టు మీద కూర్చుంది. చుట్టూ మనుషులు ముఖాలకు నీలం రంగు పూసుకొని అరుస్తున్నారు. బ్యాండు వాయిస్తున్నారు. ఆమెకు ఆట తెలియదు. ఆమె చూసేది ఒక్క నంబరునే. ఆ నంబరు కింద పడితే ఊపిరి బిగబడుతుంది, లేస్తే వదులుతుంది.

మొదటి సగం ముగుస్తుందనగా రేవంత్ బంతి పట్టుకొని ఉరికాడు. ఇద్దరు వచ్చి గుద్దారు. హెల్మెట్ నేలకు కొట్టుకున్న చప్పుడు కంచె దాకా వినబడింది. లేచాడు. లేచి అవతలి జట్టు బెంచీ వైపు నడవబోయాడు. జనం నవ్వారు. వాడూ నవ్వుతూ చెయ్యూపి వెనక్కి తిరిగాడు. పక్కన నర్సింహ కూడా నవ్వాడు. శాంతమ్మ లేచి నిలబడింది.

విరామం ఇచ్చారు. జట్టంతా లోపలికి పోతోంది. రేవంత్ ఒక్కడూ వెనకబడి, కంచె దగ్గరికి వచ్చాడు. హెల్మెట్ చేతిలో వేలాడుతోంది. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా" అన్నాడు.

మామ్ కాదు, అమ్మా.

"అమ్మా, కళ్ళు తిరుగుతున్నై."

శాంతమ్మ గుండె ఝల్లుమంది. నిజం చెప్పాలంటే ముందు కలిగింది భయం కాదు. ఎన్నేళ్ళయింది వాడి నోట తెలుగు విని! ఆ మాట వాడికి ఎక్కడిదో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు, స్కార్‌బరోలో ఉన్న రోజుల్లో, అపార్టుమెంటు హాల్లో చేతులు చాపి గుండ్రంగా తిరిగీ తిరిగీ, "అమ్మా కళ్ళు తిరుగుతున్నై!" అని కేరింతలు కొడుతూ వచ్చి ఒళ్ళో పడేవాడు. ఆ మాట అలాగే, ఆ యాసలోనే దాచిపెట్టుకొని ఉన్నాడు.

"అయ్యో బిడ్డా. కూసో, కూసో. ఉండు, నేను పోయి చెప్పొస్త" అంది.

రేవంత్ కంచె మీదుగా ఆమె జాకెట్ చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. బ్యాండు మోతలో వినబడలేదు. ఆమె చెయ్యి విడిపించుకొని పరుగెత్తింది.

ఆటగాళ్ళ ఒంటికి తగిలే దెబ్బలు చూడ్డానికి ఒక థెరపిస్టు ఉండేవాడు. వాడు మానేశాక ఆ ఉద్యోగం నింపలేదు. ఆ పని నేర్చుకుంటున్న కైలీ అనే అమ్మాయే సంచీ భుజాన వేసుకొని తిరుగుతోంది. ఆమె మైదానం ఆ చివర ఉంది. శాంతమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని ఉరుకుతూ ఇంగ్లీషు కూడగట్టుకుంది. కళ్ళంటే ఐస్. తిరగడం... తిరగడం... డెబ్రా మాట తలకు తట్టింది.

"కైలీ! మై సన్. హిజ్ ఐస్ రొటేటింగ్. ఐస్, రొటేటింగ్!"

"రొటేటింగ్?" కైలీ కంగారుపడి ఆమెతో పాటే పరుగెత్తుకొచ్చింది. రేవంత్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, జేబులోంచి చిన్న టార్చి తీసి ఒక కంట్లో వేసింది, తర్వాత రెండో కంట్లో. వేలు అటూ ఇటూ ఆడించి చూడమంది. రేవంత్ కళ్ళు ఆ వేలి వెంట అటూ ఇటూ పోయాయి. రెండూ ఒక్కలాగే పోయాయి. ఎక్కడా గింగిరాలు తిరగడం లేదు.

అప్పటికి కోచ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. "యూ గుడ్, రెవ్?"

"ఐయామ్ గుడ్, కోచ్."

"హిజ్ ఐస్ ఆర్ పర్ఫెక్ట్" అంది కైలీ, శాంతమ్మ భుజం తట్టి, తేలిగ్గా ఊపిరి వదిలి. ఆ అమ్మాయికి మహా ఉంటే ఇరవై రెండేళ్ళు. శాంతమ్మకూ ప్రాణం కుదుటపడింది. దేవుడిలాంటి పిల్ల, పిలవగానే ఉరికొచ్చింది, అంతా చూసింది అనుకుంది. థాంక్యూ థాంక్యూ అంటూ వచ్చి తన మెట్టు మీద కూర్చుంది.

రెండో సగంలో తగిలిన దెబ్బ అంత పెద్దది కూడా కాదు. పక్క నుంచి ఒకడు భుజంతో తోశాడు, అంతే. రేవంత్ పడ్డాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. ఆ ఊపిరి వదిలే పని మళ్ళీ పడలేదు. మైదానం మీదికి అంబులెన్సు వచ్చింది. ప్లాస్టిక్ గడ్డి మీద దాని చక్రాల గుర్తులు కూడా పడలేదు. రేవంత్‌ను అందులో పంపించేసి, మిగిలిన ఆట కూడా ఆడి ముగించారు. హెరాన్స్ గెలిచారు.

హామిల్టన్ ఆసుపత్రిలో తలకు కోత అవసరం లేదన్నారు. అదే అదృష్టం అనుకోమన్నారు. మెదడులో కొంచెం నెత్తురు చేరింది, వాపు కూడా ఉంది. మంగళవారం ఇంటికి పంపుతూ డాక్టరు చేతులు కట్టుకొని, ఈ ఏడు చదువు లేదని, ఫోను లేదని, వెలుతురు వద్దని చెప్పింది. ఎంత వెనక్కి వస్తుందో, ఎంత రాదో ఇప్పుడే చెప్పలేమంది. ఆట మాట ఎవరూ అడగలేదు. అడగకుండానే అర్థమైంది.

చీకటి గదిలో రేవంత్ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. తలుపు చప్పుడైతే చాలు, అడుగుతాడు. "మామ్, డిడ్ వీ విన్?"

"గెలిచినం బిడ్డా."

"నైస్" అంటాడు. కాసేపాగి మళ్ళీ అదే అడుగుతాడు. కోచ్ వచ్చి జట్టంతా సంతకాలు చేసిన బంతిని ఇచ్చి పోయాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నర్సింహ ఒక పూటంతా చేతిలోనే పట్టుకొని తిరిగి, చివరికి చెప్పుల అర మీద పెట్టాడు.

సెలవులు చెరిసగం పంచుకున్నారు. గురువారం నర్సింహ ఇంట్లో ఉన్నాడు, శాంతమ్మ పనికి పోయింది. ఎవరి ముఖమూ చూడకుండా ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చుంది. పక్కన మధుమిత బరువైన ట్రే ఎత్తబోయి, ఆగి, బల్ల అంచు పట్టుకుంది. ఖర్చులు తగ్గించాలని సాయంత్రం పూట మామూలు పిల్లలకు వంటగది మూసేస్తున్నారు, ముందు రోజు మధ్యాహ్నం తిన్న పాస్తా తప్ప ఆ పిల్ల కడుపులో ఏమీ లేదు.

"డెబ్రా, ఐయామ్ ఫీలింగ్ డిజ్జీ" అంది.

ఇంత లావున ఉండే డెబ్రా గాలిలా వచ్చింది. కుర్చీ లాగింది. మధుమితను కూర్చోబెట్టి, చేతిలో ట్రే లాక్కొని, తల వంచమని, నీళ్ళు తాగించి, రసం తాగించి, "ఇవాళ నువ్వు ఏదీ ముట్టుకోవద్దు, ఇంటికి పో" అని ఆజ్ఞ వేసింది. శాంతమ్మ చాకు చేతిలో పట్టుకొని ఇదంతా చూసింది.

"ఏమన్నవ్ బిడ్డా నువ్వు దానితోని?"

"డిజ్జీగా ఉందన్నా ఆంటీ. ఏం లేదు, కాస్త కళ్ళు తిరిగాయండీ, అంతే."

"కళ్ళు తిరుగుడంటే... ఏందది? మళ్ళ చెప్పు."

"డిజ్జీ."

"రొటేటింగ్ కాదా?"

మధుమితకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పిల్ల ముఖం మారిపోయింది. కుర్చీలోంచి లేచి శాంతమ్మ చేతిలో చాకు తీసి పక్కన పెట్టింది. "ఆంటీ, మీ తప్పేం లేదు. ఆంటీ, ఇటు చూడండి" అంటూనే ఉంది. ఒక్క మాట. ఆ ఒక్క మాటకు కుర్చీ వచ్చింది, నీళ్ళొచ్చాయి, ఇంటికి పొమ్మన్నారు. ఆ మాట తనకు తెలిసుంటే! శాంతమ్మ ఉల్లిగడ్డల మీద తల వాల్చి ఏడ్చింది. ఎవరైనా చూస్తే ఉల్లిగడ్డల వల్ల అనుకుంటారని కూడా ఆమెకు తోచలేదు.

శుక్రవారం పొద్దున ఆటల డైరెక్టరు ఇద్దరినీ పిలిపించాడు. మెత్తటి మనిషి. తానే కాఫీ పోసి ఇచ్చాడు. కైలీ ఒక మూల కూర్చుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫుట్‌బాల్ లేకపోతే ఈ కాలేజీ ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదని, కాలేజీ మూతపడితే పిల్లలందరూ నష్టపోతారని, అయినా ఒక్క పిల్లవాడి తల కంటే ఏ ఆటా ఎక్కువ కాదని చెప్పాడు. తలకు దెబ్బ తగిలిందని ఏ చిన్న సూచన అందినా ఆటగాణ్ణి కూర్చోబెట్టడమే తమ నియమం అన్నాడు. ఆ నియమం బొమ్మలతో సహా గోడ మీద ఉంది.

శాంతమ్మ బస్సులో వస్తూ ఆ మాటను నాలుక మీద నలిపీ నలిపీ సిద్ధం చేసుకుంది. అది చెబితే వీళ్ళకు సంగతి తెలుస్తుంది, తన బిడ్డ దెబ్బ సంగతి దాచలేదని తేలుతుంది అనుకుంది.

"సర్. మై సన్ వాజ్ డిజ్జీ. హి టోల్డ్ మీ. డిజ్జీ."

డైరెక్టరు ముందుకు వంగాడు. "ఐయామ్ సో సారీ. శనివారం ఆ మాట కైలీకి చెప్పారా? డిజ్జీ అని?"

శాంతమ్మకు అబద్ధం రాలేదు. "నో సర్. దట్ డే ఐ నో నాట్ దిస్ వర్డ్. ఐ సెడ్ ఐస్ రొటేటింగ్."

"ఐ చెక్డ్ హిజ్ ఐస్" అంది కైలీ, ఏడుపు గొంతుతో. "ఐ చెక్డ్ దెమ్!"

డైరెక్టరు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ముఖంలో జాలి అలాగే ఉంది గాని బిగిసిన భుజాలు సడలాయి. చాలా ముఖ్యమైన విషయం చెప్పారని, నిజాయితీకి కృతజ్ఞతలని అన్నాడు. అంటే కళ్ళు తిరుగుతున్నట్టు తమకెవరూ చెప్పలేదన్నమాట, ఆటగాడు కూడా బాగున్నానన్నాడు, పాపం కైలీ చెప్పిన దాన్ని చెప్పినట్టు పరీక్షించింది. నర్సింహ చేతిలో టోపీ నలుపుకుంటూ లేచి నిలబడ్డాడు.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. అక్కడ ఆగి, కోపం లేకుండానే అన్నాడు.

"నువ్వు వాళ్ళను గెలిపించినవ్ శాంతా."

నర్సింహ బస్సెక్కి కొడుకు దగ్గరికి పోయాడు. ఆమెకు షిఫ్టు ఉంది. మర్నాడు మళ్ళీ మ్యాచి, అంటే ఈ మధ్యాహ్నం జట్టు భోజనం.

ఆమె పోకపోయినా డెబ్రా ఏమీ అనేది కాదు. కానీ ఆమె కావాలనే పోయింది. మాట ఇప్పుడు తన దగ్గర ఉంది. ఇంకో తల్లి కొడుకు తన కళ్ళ ముందు నుంచి అలా పోకూడదు. శనివారం వేసుకున్న జట్టు జాకెట్ మీదే ఆప్రాన్ కట్టుకొని, గరిటె పట్టుకొని, వరుసలో వచ్చే ప్రతి పిల్లవాడి ముఖంలోకీ చూస్తూ వడ్డించింది. పిల్లలు ఆమె వైపు చూడలేక ప్లేట్ల వైపు చూశారు. ఒకరిద్దరు సారీ మిసెస్ ఎస్ అన్నారు.

ఓవెన్ వచ్చాడు, రేవంత్ స్థానంలో ఆడబోయేవాడు. గడ్డం కూడా సరిగా రాని పిల్లవాడు. ప్లేటు చాచి, ట్యూబులైట్ల కింద కళ్ళు చికిలించాడు. "రైస్" అన్నాడు. వేసింది. ప్లేటు అలాగే చాచి ఉంచి మళ్ళీ "రైస్" అన్నాడు.

శాంతమ్మ గరిటె కింద పెట్టింది. బల్ల మీదుగా వంగి అడిగింది. "యూ డిజ్జీ?"

ఓవెన్ ఉలిక్కిపడ్డాడు. కోచ్ కూర్చున్న బల్ల వైపు ఒకసారి చూసి, పెదవులు కదలకుండా గొణిగాడు. "ప్లీజ్, మిసెస్ ఎస్. డోంట్ సే దట్ వర్డ్ ఇన్ హియర్."

ఆమె ఆగలేదు. ఆప్రాన్‌తోనే కోచ్ దగ్గరికి పోయి, వేలు చూపించి, తప్పు లేకుండా, గట్టిగా చెప్పింది. "దట్ బాయ్ ఈజ్ డిజ్జీ."

ఫోర్కులు ఆగాయి. కోచ్ ఆమె వైపు దయగా చూశాడు, కొడుకు అలా అయ్యాక తల్లి ఇలా కావడం సహజమే అన్నట్టు. కుర్చీలోంచి వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఓవెన్! ఆర్ యూ డిజ్జీ, సన్?"

"నో, కోచ్!"

"యూ గుడ్?"

"ఐయామ్ గుడ్, కోచ్!"

అవే మాటలు. అదే గొంతు. ఫోర్కులు మళ్ళీ కదిలాయి. పొద్దున మీటింగు తర్వాత పనిలోంచి పోయిన కైలీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె స్థానంలోకి ఇంకా ఎవరినీ పెట్టలేదు.

శాంతమ్మ తన బల్ల వెనక్కి వచ్చి నిలబడింది. అప్పుడు తెలిసింది ఆమెకు. రేవంత్‌కు డిజ్జీ అనే మాట రాక కాదు. వాడు నిద్రలో కూడా ఇంగ్లీషే మాట్లాడతాడు. ఆ రోజు వాడు తెలుగులో అన్నది అమ్మ మీద ప్రేమ పుట్టి కాదు. ఆ మైదానం మీద ఎవరికీ అర్థం కాని మాటలో చెప్పుకున్నాడు. చెప్పుకొని జాకెట్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాటను ఇంగ్లీషు చేసి ఎవరికో అప్పజెప్పాల్సిన పనే లేదు. వాడు చెప్పింది తనకే. ఆ చెయ్యి అలాగే పట్టుకొని, పద బిడ్డా ఇంటికి పోదాం అంటే సరిపోయేది. దానికి ఏ భాషా అక్కర్లేదు.

తర్వాతి పిల్లవాడు ప్లేటు చాచి నిలబడ్డాడు. "రైస్ ప్లీజ్, మిసెస్ ఎస్" అన్నాడు రెండోసారి. ఆమె తన జాకెట్ చేతిని, రేవంత్ పట్టుకున్న చోటే, తన చేత్తో గట్టిగా పట్టుకొని నిలబడి ఉంది.